ఆరోగ్యవరం నుంచి వేలూరు దాకా

మదనపల్లె నుంచి బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా ఘాటు దిగి, గుడియాత్తం దాటి పాలారు ఒడ్డున ఉన్న వేలూరు చేరే దారి పగటిపూట తీరుబడిగా ముగించగల ప్రయాణం. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద మొదలై, ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం అంచున వంపులు తిరుగుతూ, అంతకంటే చాలా కిందనున్న వేడి మైదానంలోకి దిగే ఈ దారిలో టమాటా పెట్టెల లారీలు వెనకబడి, అగ్గిపెట్టెల కార్ఖానాలు, లుంగీల మగ్గాలు ఎదురవుతాయి. దుకాణాల బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వస్తుంది, అయినా గుడియాత్తం బజారులో తెలుగులో బేరమాడినా పని జరుగుతుంది. మామూలు ప్రయాణికునికి ఇది బస్సు మారే దారి, రోగులను వెంటబెట్టుకొని వేలూరు పెద్దాసుపత్రికి పరుగెత్తే దారి. దక్షిణ భారత వైద్య చరిత్రను చదివినవారికి మాత్రం, క్రైస్తవ వైద్యులు చికిత్సనూ మత పరిచర్యనూ కలిపి నడపడానికి చేసిన ప్రయత్నాలు ఒకదాని తర్వాత ఒకటి ఎలా రూపు మార్చుకున్నాయో, ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఊరూరా ఆగి చూడగలిగిన దారి ఇది.

పరిచర్య అంటే క్రైస్తవుల వాడుకలో బోధ, ప్రార్థన, పరామర్శ, పేదల సేవ అన్నీ కలిసిన పని. ఆ పని కోసం చర్చి తరఫున పరదేశానికి వెళ్ళిన డాక్టరును వైద్య మిషనరీ అంటారు. అమెరికా నుంచి ఈ వృత్తికి దారి తీసినవాడు న్యూయార్కులో వైద్యం చేస్తుండిన జాన్ స్కడర్. రోగిని చూడడానికి ఒక ఇంటికి వెళ్ళి ఎదురుచూస్తూ అక్కడున్న చిన్న మత పుస్తకం చదివి మనసు మార్చుకున్న ఆయన, 1819లో సింహళానికి ఓడ ఎక్కి, 1836లో మద్రాసు చేరాడు. ఆయన కుమారులు ఏడుగురూ ఇదే దారి పట్టారు. వారిలో కొందరు 1853లో స్థాపించినదే ఆర్కాటు మిషన్, అంటే అమెరికాలోని డచ్చి మూలాల సంస్కరణవాద చర్చి ఈ ప్రాంతంలో నడిపిన శాఖ. దాని పనిలో తమిళ భాగం రాణిపేట, వేలూరు వైపు ఉంటే, తెలుగు భాగం పలమనేరు, మదనపల్లె వైపు ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనూ, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ ఉండినా, మిషన్ లెక్కల్లో మాత్రం ఈ దారి మొత్తం ఒకే సేవా క్షేత్రంగా ఉండేది.

మదనపల్లెలో ఈ కథ జేకబ్ చేంబర్లేన్‌తో మొదలవుతుంది. 1860లో మద్రాసు చేరి, 1863 నాటికి మదనపల్లెలో మకాం పెట్టిన ఈయన పట్టభద్రుడైన డాక్టరు, అభిషిక్తుడైన పాదిరి, తెలుగు నేర్చిన పండితుడు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ళ తరబడి అధ్యక్షత వహించి, అడవి దారుల్లో చేసిన ప్రచార యాత్రల గురించి అమెరికా పాఠకులకు పుస్తకాలు రాసి, 1908లో ఇదే ఊళ్ళో కన్నుమూశాడు. ఆయన కాలంలో వైద్యమూ బోధా ఒకే మనిషిలో, ఒకే ఉదయంలో కలిసి ఉండేవి. మిషన్ దవాఖానా తలుపు తెరిచేముందు అరుగు మీద కూర్చున్న రోగులకు బైబిలు నుంచి ఒక భాగం చదివి వినిపించి, ప్రార్థన చేసి, ఆ తర్వాతే చీటీలు ఇచ్చి, క్వినైను, కంటి మందు, ఆముదం పంచడం, పుండ్లు కడిగి కట్టు కట్టడం, పన్ను నొప్పితో వచ్చినవారికి పటకారుతో పన్ను పీకడం ఆనాటి మిషన్ దవాఖానాలన్నిటా అలవాటైన క్రమం. దంతవైద్యం ప్రత్యేక వృత్తిగా ఈ పల్లెలకు చేరని ఆ రోజుల్లో, బుగ్గ వాచి వారం రోజులు నిద్రలేని రైతుకు ఆ పటకారు చేసిన మేలు తక్కువది కాదు.

ఈ క్రమాన్ని ఈనాటి కళ్ళతో చూసినప్పుడు ఇబ్బంది కలుగుతుంది, కలగవలసిందే. నొప్పితో వచ్చినవాడు లేచి పోలేడు, కాబట్టి అతని చేత బోధ వినిపించడంలో సమానుల మధ్య ఉండవలసిన స్వేచ్ఛ లేదు. ఈ ఆక్షేపణ తర్వాతి తరాల ఊహ కాదు. 1931లో గాంధీ విద్య, వైద్యం వంటి సేవలను మతమార్పిడికి సాధనంగా వాడడాన్ని బహిరంగంగా ఆక్షేపించాడు. మరుసటి ఏడాది, 1932లో, అమెరికా చర్చిల సామాన్య సభ్యులే తత్వవేత్త విలియం హాకింగ్ అధ్యక్షతన జరిపిన విచారణ నివేదిక కూడా వైద్యం తన విలువ మీద తాను నిలబడాలని, దాన్ని బోధకు ఎరగా వాడకూడదని చెప్పి, మిషన్ బోర్డుల్లో పెద్ద దుమారం రేపింది. అయితే ఈ దారిన మిగిలిన ఆధారాలను బట్టి చూస్తే, అరుగు మీది బోధ విన్న అత్యధికులు మందు పుచ్చుకొని, తమ దేవుళ్ళ దగ్గరికే తిరిగి వెళ్ళారు. పరిచర్య తన ముద్ర వేసింది మరోచోట, ఏ రోగిని చేర్చుకోవాలన్న నిర్ణయంలో. ఆ నిర్ణయం స్పష్టంగా కనిపించే మొదటి మజిలీ ఆరోగ్యవరం.

మదనపల్లె ఊరికి కొద్ది మైళ్ళ అవతల, రాతి గుట్టల మధ్య, పొడిగాలి వీచే ఎత్తైన నేల మీద ఆరోగ్యవరం ఉంది. క్షయ అంటే ఇంటివాళ్ళే పళ్ళెం, చెంబు విడిగా పెట్టి, పిల్ల పెళ్ళి చెడుతుందని జబ్బు పేరు కూడా బయటికి రానివ్వని కాలంలో, దక్షిణ భారతంలోని పలు మిషన్ సంస్థలు ఎవరికి వారు చిన్న వార్డులు కట్టడం మానుకొని, డబ్బూ మనుషులనూ కలిపి ఒకే పెద్ద ఆసుపత్రి కట్టాలని తీర్మానించాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ ఆధ్వర్యంలో 1912లో మదనపల్లెలో చిన్నగా మొదలై, 1915లో ఇక్కడి సొంత స్థలంలో మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభువు చేతుల మీదుగా ప్రారంభమైన ఈ సంస్థకు యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం అని పేరు. శానిటోరియం అంటే జబ్బును మందుతో కాక, విశ్రాంతితో, గాలితో, తిండితో నయం చేయడానికి కట్టిన నివాస వైద్యాలయం. అదే 1915లో, అదే ఊళ్ళో, అనీ బిసెంటు దివ్యజ్ఞాన సమాజం కళాశాల వెలిసింది. 1919లో రవీంద్రుడు బసచేసి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేసినందుకు ఆ కళాశాల పేరు దేశమంతా తెలిసింది. ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు మత ధోరణులు ఒకే చిన్న తాలూకా పట్టణంలో ఒకే ఏడాది రెండు పెద్ద సంస్థలు నిలబెట్టడం మదనపల్లె చరిత్రలో తగినంతగా గుర్తించని విశేషం.

మందులు లేని ఆ రోజుల్లో శానిటోరియం దినచర్య ఒక రకమైన కఠిన వ్రతం. రోగి నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి, తెరచిన వరండాలో మంచం మీద పడుకోవాలి. గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, దగ్గును ఆపుకోవడం నేర్చుకోవాలి. పాలు, గుడ్లు, మాంసం వేళకు తినాలి. ఉమ్మును మూతగల డబ్బాలోనే వేయాలి. పొద్దునా సాయంత్రం జ్వరం చూసి పటం మీద గీత గీస్తారు, ఆ గీత చదునుగా ఉన్న వారాలను బట్టి పది అడుగులు, ఆ తర్వాత వంద అడుగులు నడవనిస్తారు. అంతటితో లొంగని జబ్బుకు కృత్రిమ న్యుమోథొరాక్స్ చేసేవారు, అంటే పక్కటెముకల మధ్య నుంచి సూది పోనిచ్చి, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ నడుమ గాలి నింపి, జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడుచుకొని విశ్రాంతి తీసుకొనేలా చేసేవారు. అదీ పని చేయకపోతే పక్కటెముకలు కొన్నిటిని తొలగించి ఛాతీనే కుదించే థొరాకోప్లాస్టీ అనే శస్త్రచికిత్సకు పూనుకొనేవారు. ఇన్ని చేసినా బతికినవారు కొందరే. ఇంత నెమ్మదైన, ఇంత అనిశ్చితమైన వైద్యంలో డాక్టరు చేయగలిగినదాంట్లో పెద్ద పాలు రోగి పక్కన ఉండడమే. పరిచర్యకూ చికిత్సకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆ వరండాల్లో ఎవరికీ తెలిసి ఉండదు, తెలియవలసిన అవసరమూ ఉండి ఉండదు.

ఆరోగ్యవరం గొప్పతనం ఓదార్పు దగ్గర ఆగకపోవడంలో ఉంది. మంచానికి వచ్చిన రోగిని చూసి సరిపెట్టుకోక, జబ్బు ఊళ్ళలో ఎంతగా పాకిందో లెక్క తీయాలని ఇక్కడి వైద్యులు పల్లెలకు వెళ్ళారు. బి.సి.జి. టీకా భారతదేశంలో 1948 ఆగస్టులో మొదలైంది మదనపల్లెలోనే. ఆ తర్వాత ఇక్కడి మరో డాక్టరు జోహానెస్ ఫ్రిమట్ మోలర్, ఆయన సహచరులు చుట్టుపక్కల గ్రామాల్లో టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ళ తరబడి గమనించి, ఫలితాలను 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రకటించారు. ఈనాడు బిడ్డ పుట్టగానే ఎడమ భుజానికి వేసే సూది మచ్చ వెనక ఈ సీమ రైతు కుటుంబాల ఓపిక కూడా ఉంది. పాఠశాల పుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యానికైనా నోచుకోకపోవడం అన్యాయం.

శానిటోరియం కాలాన్ని ముగించినది కూడా విజ్ఞానమే. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన, ఇరుకు ఇళ్ళలో ఉంటూ, చాలీచాలని తిండి తింటూ మందులు మింగిన పేదలు కూడా శానిటోరియంలో మంచం మీద పడుకున్నవారితో సమానంగా కోలుకుంటున్నారని, ఇంటివారికి అదనపు ముప్పు కూడా లేదని 1959లో తేల్చి చెప్పింది. ప్రపంచమంతటా శానిటోరియంలు మూతపడడానికి దారి తీసిన ఆ పరిశోధన ఈ పీఠభూమికి ఒక రాత్రి ప్రయాణం దూరంలో జరిగింది. ఆరోగ్యవరం మూతపడలేదు; అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రిగా, నర్సుల శిక్షణ కేంద్రంగా మారి, ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అన్న పేరుతో కొనసాగుతోంది. తాను దేనికోసం పుట్టిందో ఆ అవసరం తీరాక కూడా ఒక సంస్థ గౌరవంగా రూపు మార్చుకోవడం అరుదైన విషయం, ఎందుకంటే ఈ దారి పొడుగునా, ఆ మాటకొస్తే తెలుగు నేల అంతటా, అలా మారలేక కూలిన మిషన్ ఆసుపత్రులు చాలానే ఉన్నాయి.

పుంగనూరు దగ్గర ఆగవలసింది పెద్దగా లేదు. పలమనేరు దాటి ఘాటు దిగుతున్నప్పుడు గాలి వేడెక్కడం ముఖానికి తెలుస్తుంది. కౌండిన్య నది కూడా ఇదే వాలున దిగి గుడియాత్తం ఊరి మధ్యగా పోయి పాలారులో కలుస్తుంది. గుడియాత్తం నుంచి వేలూరు వెళ్ళే రోడ్డు వైద్య చరిత్రలో ‘రోడ్‌సైడ్’ అన్న పేరుతోనే నిలిచింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దంలో డాక్టర్ ఐడా స్కడర్ వేలూరు నుంచి వారానికొకసారి ఈ రోడ్డున మొదట బండి మీదా, 1909 నుంచి ప్యూజో మోటారు మీదా బయలుదేరి, లత్తేరి వంటి ఊళ్ళ దగ్గర చెట్ల కింద ఆగి, అక్కడికి నడిచి వచ్చిన రోగులను చూసేది. చీము పట్టిన చెవులు, గజ్జి, కంటి కలకలు, తేలు కాట్లు, పొత్తిగుడ్డలోని బిడ్డను తెచ్చిన బాలింతలు, జనానికి దూరంగా విడిగా నిలబడే కుష్ఠు రోగులు అందరూ ఆ చెట్ల కింద చేరేవారు. మందుల పెట్టె, వేడి నీళ్ళు, కట్టు గుడ్డలు, పక్కన ఒక బైబిలు స్త్రీ, అంటే రోగులతో మాట్లాడి, పాటలు పాడి, కథలు చెప్పే స్థానిక క్రైస్తవ మహిళ, ఇంతే ఆ ఆసుపత్రి. ఇదే రోడ్డు పక్కన కె.వి. కుప్పం దగ్గర 1977లో మొదలైన ‘రుహ్సా’ అనే గ్రామీణ ఆరోగ్య, సామాజిక కేంద్రం ఈనాటికీ పని చేస్తోంది. అందులో వైద్యంతోపాటు పాడి, వృత్తి శిక్షణ, మహిళా సంఘాలు కూడా భాగం కావడానికి కారణం, చెట్టు కింద మందు పుచ్చుకున్న మనిషి మళ్ళీ అదే జబ్బుతో అదే చెట్టు కిందికి రావడం చూసి చూసి నేర్చిన పాఠం.

ఐడా స్కడర్ జాన్ స్కడర్‌కు మనుమరాలు. 1870లో రాణిపేటలో పుట్టింది. మిషనరీ జీవితం వద్దనుకొని అమెరికాలో చదువుకుంటున్న ఆమె, తల్లి జబ్బుపడడంతో తిండివనం వచ్చినప్పుడు, ఒకే రాత్రి మూడిళ్ళ నుంచి మగవాళ్ళు వచ్చి ప్రసవమవుతున్న తమ భార్యలకు సాయం చేయమని అడిగారు. డాక్టరైన తన తండ్రిని పంపుతానంటే పరపురుషుడు వద్దన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. వేలూరు గురించి రాసినవారంతా చెప్పే ఈ కథలో సాధారణంగా దైవ పిలుపే ముందుకు వస్తుంది. నిజానికి అందులో ఒక పాలనా సమస్య కూడా ఉంది: వైద్యం ఉన్నా, పురుషుని చేతిలో ఉన్నంత కాలం అది సగం జనాభాకు లేనట్టే. తెలుగునాట గుంటూరులో అన్నా సారా కుగ్లర్ ఎదుర్కొన్నదీ ఇదే. పట్టా ఉన్న డాక్టరైనా, ఆమెను 1883లో పంపిన లూథరన్ బోర్డు వైద్యం కోసం మనిషిని పంపే ఉద్దేశంలో లేదు. అంతఃపుర స్త్రీల మధ్య బోధకు, బడులకు పంపింది. ఆమె పట్టు వదలకుండా రోగులను చూస్తూ, డబ్బు కూడగట్టి, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచి, 1930లో గుంటూరులోనే మరణించింది. బోధ చాలు, వైద్యం ఎందుకన్న తన వాళ్ళను ఒప్పించడం, వైద్యం చాలు, బోధ ఎందుకన్న ఊరివాళ్ళను ఒప్పించడం కంటే ఆమెకు కష్టమై ఉంటుంది.

కార్నెల్‌లో వైద్య పట్టా పొంది 1900 జనవరిలో వేలూరు చేరిన ఐడా, న్యూయార్కు బ్యాంకరు రాబర్ట్ షెల్ తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పది వేల డాలర్లతో 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి కట్టింది. 1909లో నర్సుల బడి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల వచ్చాయి. ఈ చివరిదే ఆమె చేసిన పనుల్లో అన్నిటికంటే దూరం ఆలోచించి చేసినది. పరదేశం నుంచి ఎంతమంది దొరసాని డాక్టర్లు వచ్చినా ఆర్కాటు జిల్లా ప్రసవాలకు చాలరని, ఇక్కడి ఆడపిల్లలే డాక్టర్లు కావాలని ఆమె గ్రహించింది. వైద్య శాఖ అధికారులు సందేహించినా, మొదటి తరగతిలో చదువు పూర్తి చేసినవారంతా ప్రభుత్వ పరీక్షలో నెగ్గారు. 1938 తర్వాత ప్రభుత్వం పాఠశాల స్థాయి వైద్య చదువును రద్దు చేసి, విశ్వవిద్యాలయ పట్టా తప్పనిసరి చేయడంతో సంస్థ మూతపడే పరిస్థితి వచ్చింది. అన్ని శాఖల చర్చిలూ కలిసి డబ్బు, అధ్యాపకులను సమకూర్చి, 1942లో దాన్ని ఎం.బి.బి.ఎస్. కళాశాలగా నిలబెట్టాయి. 1947 నుంచి పురుషులనూ చేర్చుకున్నారు. ఈనాటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, వాడుకలో సి.ఎం.సి., ఇలా ఏర్పడింది. సేవ చేయించుకోవడానికి కాక, సేవ చేయడానికి వచ్చానన్న క్రీస్తు మాటను మార్కు సువార్త నుంచి తీసుకొని దాని ఆదర్శంగా పెట్టుకున్నారు.

వేలూరు ఊళ్ళో దిగిన ప్రయాణికుణ్ణి ముందుగా పలకరించేవి బెంగాలీ బోర్డులు. ఆసుపత్రి చుట్టూ ఉన్న సందుల్లో లాడ్జీలు, చేపల కూర వండే భోజనశాలలు, నెల అద్దెకు గ్యాసు పొయ్యితో సహా గది ఇచ్చే ఇళ్ళు, పశ్చిమ బెంగాల్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చే రోగుల మీద బతుకుతున్నాయి. చిత్తూరు, కడప, అనంతపురం వైపు నుంచి వచ్చే తెలుగువారు మాత్రం లాడ్జీల్లో తక్కువ, బస్టాండులో ఎక్కువ కనిపిస్తారు. పొద్దున వచ్చి, చీటీ రాయించుకొని, రక్తపరీక్ష ఇచ్చి, రాత్రి బస్సుకు తిరిగి వెళ్ళాలన్నది వారి లెక్క. లోపల బల్లల మీద ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న జనం మధ్య పుల్కాలు విప్పే తల్లి, టోకెను నంబరు వినపడక పక్కవారిని అడిగే తాత, ఏ భాషలో అడిగినా ఏదో ఒక భాషలో జవాబు చెప్పే నర్సు కనిపిస్తారు. దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో ఇక్కడ జరిగింది. 1986లో చెన్నై నుంచి వచ్చిన రక్త నమూనాల్లో హెచ్.ఐ.వి.ని దేశంలో మొదటిసారి గుర్తించినది ఇక్కడి వైరాలజీ విభాగమే. ఇంత పెద్ద వైద్య యంత్రాంగంలో పరిచర్య ఎక్కడుందని వెతికితే, చాప్లెన్లు, అంటే వార్డుల్లో తిరిగి రోగులతో మాట్లాడి, కోరినవారి కోసం ప్రార్థించే పాదిరులు, ఉన్నారు, ప్రార్థనాలయం ఉంది. కోరని వారిని ఎవరూ ఆపరు. చేంబర్లేన్ అరుగుకూ ఈ వార్డుకూ మధ్య ఉన్న అతి పెద్ద మార్పు అదే, అది మంచి మార్పు.

అయితే వేలూరు ఆత్మను చూడాలంటే కాట్పాడి అవతల ఉన్న కరిగిరి దాకా వెళ్ళాలి. 1955లో షిఫెలిన్ కుష్ఠు పరిశోధనాలయంగా మొదలైన ఈ స్థలం పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుని పనితో పెనవేసుకుంది. కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టి, 1946లో వేలూరు వచ్చిన బ్రాండ్, కుష్ఠు రోగుల చేతులు మాంసం కుళ్ళి రాలిపోతాయన్న నమ్మకాన్ని పరీక్షించి చూసి, అది నిజం కాదని తేల్చాడు. వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది, నొప్పి తెలియదు, కాలే గిన్నెను చేత్తో పట్టుకున్నా, చెప్పులో మేకు దిగినా, రాత్రి నిద్రలో ఎలుకలు వేలు కొరికినా మనిషికి తెలియదు, ఆ గాయాలు చీముపట్టి వేళ్ళను తినేస్తాయి. కాబట్టి రోగిని రక్షించవలసింది రోజువారీ ప్రమాదాల నుంచి. కరిగిరి చెప్పుల తయారీ గదిలో ఈ సిద్ధాంతాన్ని చేత్తో తాకి చూడవచ్చు: మేకు అన్నదే లేకుండా, అరికాలి ఒత్తిడిని సమంగా పంచే మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరు అట్ట, కింద గట్టి అడుగు, రోగి పాదం ముద్ర ప్రకారం కోసిన అంచు, జిగురుతో, దారంతో మాత్రమే బిగించిన పట్టీ. ఆ చెప్పు ఒక మనిషి పాదాన్ని ఏళ్ళ పాటు కాపాడుతుంది.

చేతి కథ ఇంకా సూక్ష్మమైనది. మోచేతి దగ్గర అల్నార్ నరం దెబ్బతింటే అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి, వేళ్ళు పక్షి గోళ్ళలా ముడుచుకుపోతాయి. గ్లాసు పట్టుకోవడం, అన్నం కలపడం, చొక్కా గుండీ పెట్టడం కుదరదు. అయితే ముంజేతిలోని కొన్ని కండరాలు బాగానే ఉంటాయని గమనించిన బ్రాండ్, వాటిలో ఒకదాని స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే బలమైన పోగును, విడదీసి, అరచేతిలోంచి వేళ్ళకు తెచ్చి కుట్టే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఆ తర్వాత మణికట్టును లాగే కండరం చేత వేలిని లాగించడం మెదడుకు మళ్ళీ నేర్పాలి, అందుకు వారాల తరబడి ఫిజియోథెరపీ కావాలి. విచిత్రమేమంటే, చేతులు బాగుపడినవారిలో కొందరు ముందుకంటే పేదలయ్యారు. వంకర చేతులకు పడే భిక్షం చక్కని చేతులకు పడదు, ముద్ర పడినవానికి ఎవరూ పని ఇవ్వరు. అందుకే బ్రాండ్ దంపతులు, సహచరులు నవజీవ నిలయం పేరుతో వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పే చిన్న పల్లెను నడిపారు. ఈ దారి మొత్తంలో వైద్యమూ పరిచర్యా విడదీయలేనంతగా కలిసింది ఇక్కడేనని చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ బోధ కోసం వైద్యాన్ని ఆపలేదు, వైద్యం అయిపోయిందని మనిషిని వదిలిపెట్టలేదు. 1954లో మోటారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన యువ వైద్యురాలు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, ఆ తర్వాత అమెరికాలో శిక్షణ పొంది వచ్చి, వేలూరులో పునరావాస వైద్య విభాగాన్ని నిర్మించడం ఆ వాతావరణంలోనే సాధ్యమైంది.

ఇంత జరిగినా, ఈ సంప్రదాయం భవిష్యత్తు వేలూరు నగరంలో తేలేది కాదు. సి.ఎం.సి.లో చర్చిల సిఫారసుతో చేరిన విద్యార్థి, చదువు ముగిశాక రెండేళ్ళు ఏదో ఒక మిషన్ ఆసుపత్రిలో పని చేయాలన్నది ఒప్పందం. విదేశీ విరాళాలు తగ్గి, ఊరూరా ప్రైవేటు నర్సింగు హోములు వెలసి, చర్చి ఆస్తి తగాదాలు కోర్టులకెక్కి, తెలుగు జిల్లాల్లోని మిషన్ ఆసుపత్రులు చాలా భాగం వెలవెలబోయాక, మిగిలినవాటిని నడిపిస్తున్నది ఈ రెండేళ్ళ డాక్టర్లే. ఒక్క డాక్టరే ఉదయం ప్రసవం, మధ్యాహ్నం పాముకాటు, రాత్రి పురుగుమందు తాగిన కేసు చూడవలసిన అలాంటి చోట్ల, దంతవైద్యుడు కూడా ఉంటే అది అదృష్టం. ఆకు, వక్క, పొగాకు నమిలే పల్లెల్లో నోటి పుండును తొలి దశలో పట్టుకొనేది అతడే. ఒప్పందం తీరాక కూడా అక్కడే ఉండిపోయేవారు కొందరున్నారు. వారిని నిలబెట్టేది భక్తి ఒక్కటే అనుకోవడం వారికి చేసే అన్యాయం. పిల్లల చదువుకు దగ్గర్లో మంచి బడి, వాన కురిస్తే కారని క్వార్టర్సు, నెలనెలా వేళకు జీతం, పనిచేసే అల్ట్రాసౌండ్ యంత్రం, రాత్రి రెండింటికి ఫోనులో సలహా చెప్పే సీనియరు, తమ పనిలో తలదూర్చని పాలకవర్గం కావాలి. ఇవి సమకూర్చగల చర్చిల చేతుల్లో ఆ ఆసుపత్రులు ఇంకా నడుస్తున్నాయి. సమకూర్చలేని చోట్ల గేట్లకు తాళాలు పడ్డాయి.